సూదమ్మ ధ్యానం

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఫ్యాక్టరీలో ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరినో అనుకుని తన పని తాను చేసుకుపోతుంది. "సూదమ్మా" అంటే మాత్రం హాలు అవతలి కొస నుంచైనా "ఆఁ, వస్తున్నా" అని పలుకుతుంది.

అది పసిపిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. పొడవాటి హాలు, వరసగా మిషన్లు, గాలిలో ఎప్పుడూ తేలుతూ ఉండే నూలు పీచు. కుట్టేటప్పుడు సూదులు విరగడం మామూలే. విరిగితే మాత్రం అక్కడ ఒక పద్ధతి ఉంది. కుట్టే మనిషి మిషన్ ఆపి, చెయ్యెత్తి, కూర్చున్నచోటే కదలకుండా ఉండాలి. గాజు కిటికీ వెనక కూర్చునే సూదమ్మ అయస్కాంతం పట్టుకుని వస్తుంది. విరిగిన ముక్కలన్నీ ఏరి, ఒకదాని పక్కన ఒకటి టేపు మీద అతికిస్తుంది. అన్నీ కలిసి నిండు సూది అయితేనే కొత్త సూది ఇస్తుంది. కొనగోటంత ముక్క దొరక్కపోయినా కుడుతున్న బట్టల కట్ట మొత్తం వెనక్కి పోవాల్సిందే. అందులోని ప్రతి చొక్కానూ మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే. పసివాడి ఒంటి మీదకు వెళ్ళే గుడ్డలో సూదిముక్క ఉండకూడదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

"నీ కళ్ళలో కూడా అయస్కాంతాలు పెట్టించుకున్నావా ఏంటక్కా?" అని కుట్టేవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"పెట్టించుకున్నానే. అందుకే మీ మొగుళ్ళని నా వైపు రానివ్వకండి, మొలతాడు తాళంచెవులతో సహా ఇటే వచ్చి అతుక్కుంటారు," అనేది సూదమ్మ, వంగి నేల వెతుకుతూనే.

సూపర్‌వైజర్లు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. ఆమె ఫొటో తెచ్చి గోడకు తగిలించారు. ఒకసారి చూసిన కట్టను ఆమె ఎవరూ చెప్పకుండానే రెండోసారి చూస్తుంటే "శ్రద్ధంటే అదీ" అన్నారు. భోజనం మానేసి మూడోసారి చూస్తుంటే కొత్తగా చేరినవాళ్ళకు వేలు పెట్టి చూపించారు. పనిచేసే మనిషి భయపడుతుంటే దానికి శ్రద్ధ అని పేరు పెట్టడం యాజమాన్యాలకు ఎప్పుడూ లాభమే. ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో అడిగినవాళ్ళు లేరు.

లోపల జరుగుతున్నది ఇది. ఫ్యాక్టరీ గేటు దాటగానే ఒక ఆలోచన ఆమె వెంట పడేది: ఒక ముక్క నీతోనే వచ్చింది. జుట్టులో ఉందేమో. గోటి సందులో ఉందేమో. చేతి మడతలో గుచ్చుకుని, నొప్పి తెలియకుండా దాక్కుందేమో. లేదని ఆమెకు తెలుసు. ఈ జబ్బులో ఉన్న క్రూరత్వం అదే. లేదని తెలిసిన మనిషి చేత, ఉందేమోనని వెతికిస్తుంది. ఆమె గడపలోనే బట్టలు మార్చుకుని దులిపేది, చేతులు ఎర్రగా కందేదాకా రుద్దేది, ఆ తర్వాత మొగుడి ముందు అరచేతులు చాచి నిలబడేది.

మొగుడు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు.

"ఏవండీ, ఏం లేదు కదా?"

"లేదే."

"వెలుతురులో చూడండి."

"వెలుతురులోనూ లేదు. చీకట్లోనూ లేదు. పొద్దున్నుంచీ జనాన్ని పైకీ కిందకీ మోసి వచ్చాను, నన్ను ఒక్కచోట కూర్చోనివ్వవే తల్లీ."

ఆ "లేదు" అన్న మాట ఆమెకు కాసేపు ప్రాణం పోసేది. కాసేపే. తర్వాత మళ్ళీ అరచేతులు చాచుకుని వచ్చేది. అతను విసుక్కునేవాడే కానీ, ఒక్కసారైనా చూడకుండా పంపేవాడు కాదు. ప్రేమంటే అదేనని అనుకున్నాడు పాపం.

ఇలా ఎన్నాళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళో గానీ, కూతురికి కొడుకు పుట్టాడు.

కూతురు బస్సు డిపోలో టికెట్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. అల్లుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోడ్ల మీదే ఉంటాడు. అందుకని పిల్ల పుట్టింట్లోనే ఉంది. సెలవు అయిపోగానే ఆమె మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళాలి. సూదమ్మది పొద్దుటి షిఫ్టు. ఫ్యాక్టరీలో పిల్లల గది లేదు, డిపోలోనూ లేదు. పసిపిల్లల బట్టలు అన్నేసి కుట్టే చోట, పసిపిల్లను పడుకోబెట్టడానికి ఇంత జాగా ఉండదు. "నేనున్నాగా! నా షిఫ్టు అవగానే వీడు నా దగ్గరే," అని పురిటి మంచం పక్కనే మాటిచ్చింది సూదమ్మ.

మాటయితే ఇచ్చింది. కానీ పిల్లాడు పుట్టిన దగ్గర నుంచీ వాణ్ణి ఒక్కసారైనా ఎత్తుకోలేదు. ఒకరోజు జలుబంది, ఒకరోజు చేతికి మిషన్ నూనె అంటిందంది. దూరంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఒరేయ్ బుడంకాయా, ఒరేయ్ నా బంగారుకొండా" అని ముద్దు మాటలన్నీ అక్కడి నుంచే విసిరేది. వాడు బోసినోటితో నవ్వుతూ చేతులు చాచేవాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒకరోజు కూతురు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, నిజం చెప్పు. వీణ్ణి చూస్తే నీకు వాళ్ళ నాన్న గుర్తొస్తున్నాడా?"

ఆ పెళ్ళి సూదమ్మకు మొదట్లో ఇష్టం లేని మాట నిజమే.

"ఛీ, నోరు ముయ్! ఆ అబ్బాయి బంగారం."

"మరి బంగారం కొడుకుని ఎత్తుకోవేం? మూణ్ణెల్లు తిరిగితే నేను డ్యూటీకి పోవాలి. వీణ్ణి నీ దగ్గర వదలాలా, గాలికి వదలాలా?"

సూదమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. నా చేతుల్లో సూదిముక్క ఉంటుందే, అది వాడికి గుచ్చుకుంటుందే అని కన్నకూతురితో ఎలా చెప్పడం? వింటే పిచ్చి అంటారు. పిచ్చి అన్నాక పనిలో ఉంచరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీకి ధ్యానం వచ్చింది.

పనివాళ్ళు అడిగింది వేరు. సూదుల కిటికీ దగ్గర ఇంకో మనిషిని వెయ్యమన్నారు, మధ్యలో నడుం వాల్చడానికి కాసింత విరామం కావాలన్నారు. యాజమాన్యం ఆలోచించి, మీకు ఒత్తిడి ఎక్కువైనట్టుంది అని తేల్చి, భోజనాల హాల్లో ధ్యానం క్లాసు పెట్టించింది. అదీ భోజనం టైములోనే.

"మనం అడిగింది మనిషిని, వాళ్ళు ఇచ్చింది ఊపిరి," అంది గుండీలు కుట్టే ఆవిడ. "అది మన దగ్గర ముందు నుంచే ఉందిగా, కొత్తగా వీళ్ళిచ్చేదేంటి?"

ధ్యానం మాస్టారు కుర్రవాడు, మెత్తని గొంతు, మంచి మనిషి. "ఊపిరిని గమనించండి. ఆలోచన వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి. మెల్లగా మనసు శుభ్రపడుతుంది," అన్నాడు. హాలంతా కళ్ళు మూసుకుంది. సగం మందికి కునుకు పట్టింది, అది వాళ్ళ హక్కు. సూదమ్మకు మాత్రం ఒక్క మాటే చెవిలో పడింది. శుభ్రపడుతుంది. నా మనసులో ఉన్న సూదిని తీసే అయస్కాంతం దొరికింది అనుకుంది.

తనకు తెలిసిన పద్ధతిలోనే ధ్యానం చేసింది. ఊపిరి తీసుకుంటుంది, వదులుతుంది. మధ్యలో సూది గుర్తొచ్చిందా, ఆ ఊపిరి పాడైంది. పాడైనదాన్ని కలుపుకోకూడదు. అంతకుముందు పీల్చినవన్నీ కూడా వెనక్కి పోవాల్సిందే, మళ్ళీ మొదటి ఊపిరి నుంచి మొదలు. ఒక్క మచ్చ లేకుండా వరస పూర్తయితే తప్ప లేవకూడదు. సూది గురించి తలవకూడదని కూర్చున్న మనిషికి సూది తప్ప ఇంకేం తలపుకొస్తుంది? వరస ఎప్పటికీ పూర్తయ్యేది కాదు.

మాస్టారికి ఇదేమీ తెలియదు. అందరూ లేచి వెళ్ళినా ఆమె ఇంకా కళ్ళు మూసుకుని ఉండటం చూసి ముచ్చటపడ్డాడు. "ఈ అమ్మని చూసి నేర్చుకోండి," అన్నాడు. మళ్ళీ అదే పొగడ్త.

పొద్దున లేస్తే ధ్యానం, పని నుంచి రాగానే ధ్యానం. చేతులు రుద్దడం తగ్గిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. "మా ఇంట్లో ముని వెలిశాడు, మాట్లాడకండి," అని మొగుడు వేళ్ళ మీద నడిచేవాడు. తనను అరచేతులు చూడమనడం లేదు, అంతే చాలనుకున్నాడు. లోపల ఆమె అంతకు ముందుకన్నా ఎక్కువగా వెతుకుతోందని బయటికి కనిపించదు కదా. పైగా ఇప్పుడు ఇంకో భయం కలిసింది: ధ్యానం సరిగ్గా పూర్తి చేయలేదు కాబట్టి, పిల్లాడికి ఏదైనా అయితే అది నా తప్పే.

ఒక సెలవురోజు పొద్దున కూతురు స్నానానికి వెళ్ళింది. మొగుడు వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. పిల్లాడు మంచం మీద, మంచం పక్కనే పరుపులాంటి మందపాటి చాప మీద ధ్యానంలో సూదమ్మ. అప్పుడప్పుడే బోర్లాపడటం నేర్చుకున్న పిల్లాడు ఒక పొర్లు పొర్లి మంచం అంచుకు వచ్చాడు. ఆ చప్పుడుకు ఆమె కళ్ళు తెరిచింది. చూసింది. ఒక్క ఉదుటున మోకాళ్ళ మీద లేచి రెండు చేతులూ చాచింది. చాచిన చేతులు వాడికి జానెడు దూరంలో ఆగిపోయాయి.

"ఏవండీ! ఏవండీ, రండీ!" అని కేక పెట్టింది.

అతను వచ్చేలోపు పిల్లాడు ఆమె మోకాళ్ళ పక్కగా జారి చాప మీద పడ్డాడు. ఊపిరి బిగబట్టి, తర్వాత ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. కూతురు తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి వాణ్ణి గుండెకు హత్తుకుని తలంతా తడిమింది. దెబ్బ తగల్లేదు. నుదుటి మీద కాస్త ఎరుపు, అంతే.

"పక్కనే ఉన్నావు కదమ్మా! చేతులు చాస్తే అందేవాడు కదా!"

"చాచానే," అంది సూదమ్మ. ఆ చేతులనే చూసుకుంది. "చాచాను. పట్టుకోలేకపోయాను. నా చేతుల్లో సూది ఉంటుందే. ఉండదని తెలుసు. అయినా ఉంటుంది."

అప్పటిదాకా దాచుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. కూతురు మొదట కోపంగా విన్నది, తర్వాత భయంగా విన్నది, చివరికి పిల్లాణ్ణి తన తండ్రి చేతికిచ్చి, వచ్చి తల్లి పక్కన చాప మీద కూర్చుంది. ఎర్రబారి పగిలిన ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నేనింకా నీకు వీడంటే ఇష్టం లేదనుకున్నానమ్మా."

"ఇష్టం లేకనా? వీడు పుట్టాక నేను నిద్రపోయిందెప్పుడే?"

"పిచ్చిదానా," అన్నాడు మొగుడు గుమ్మంలోంచి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక నాలుక కరుచుకున్నాడు. "అంటే... పిచ్చి అని కాదు. నా ఉద్దేశం..."

"తెలుసులెండి," అంది సూదమ్మ.

ప్రభుత్వాసుపత్రిలో మనసు జబ్బుల విభాగం అన్నిటికన్నా చివర, మెట్ల కింద ఉంటుంది. జనం మాత్రం అక్కడే ఎక్కువ. కూతురు సెలవు పెట్టకుండా తీసుకెళ్ళగలిగే రోజులు ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ వరసలో నిలబడటానికి రోజు కూలి వదులుకోలేక రానివాళ్ళు ఇంకెంతమందో. డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్ళ కింద నల్లటి వలయాలు. అంతా విని, "దీన్ని ఓసీడీ అంటారు. పిచ్చి కాదు, పాపం కాదు, మీరు చేసిన తప్పు కాదు. దీనికి మందుంది, పద్ధతుంది," అంది.

"ధ్యానం చేస్తున్నా కదమ్మా, ఎందుకు తగ్గలేదు? నాకు చేతకాలేదా?"

"ఎలా చేస్తున్నారో చెప్పండి."

సూదమ్మ చెప్పింది. పాడైన ఊపిరి సంగతి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం సంగతి. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అంటే అక్కడ కూడా ముక్కలే ఏరుతున్నారన్నమాట."

సూదమ్మ తలెత్తి చూసింది. తర్వాత నవ్వొచ్చింది. వాళ్ళింట్లో ఎవరూ చాన్నాళ్ళుగా వినని నవ్వు. "అవునండీ. డ్యూటీ దిగకుండా ఏరుతున్నాను."

"ధ్యానం చెడ్డది కాదమ్మా. కొందరికి బాగానే తోడవుతుంది. కానీ ఆలోచనని తుడిచెయ్యడానికి దాన్ని వాడారంటే అదీ చేతులు కడుక్కోవడం లాంటిదే అయిపోతుంది. ముందు మందు వాడదాం. దాంతోపాటు వెతకడం మానడం నేర్చుకోవాలి. భయం వస్తుంది. రానివ్వండి. మీరు మాత్రం చూడకండి, కడగకండి, ఎవర్నీ అడక్కండి. అది దానంతట అదే కాస్త దిగుతుంది. దిగకపోయినా, అది ఉండగానే మీ పని మీరు చేసుకోవచ్చు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మీరు కూడా ఇకనుంచి 'లేదు' అని చెప్పకూడదు."

"మరేం చెప్పమంటారు?"

"'ఏమో' అనండి."

అతను బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, "ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలీదు అని చెప్పే హక్కు ఇవాళ వచ్చిందే నాకు," అన్నాడు. కానీ ఆ సాయంత్రం ఆమె మళ్ళీ అరచేతులు చాచి ఎదురుగా నిలబడితే "ఏమో" అనడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. గోడ వైపు తిరిగి అన్నాడు. ఆమె ఏడ్చింది. అతనూ లేచి వెళ్ళి కుళాయి తిప్పి, ముఖం కడుక్కునే వంకతో ఏడ్చాడు.

వారానికోసారి ఆసుపత్రిలో ఒక కౌన్సిలర్ అమ్మాయి ఆమె చేత చిన్న చిన్న పనులు చేయించేది. పని నుంచి వచ్చిన బట్టలతో పిల్లాడి దుప్పటి మడతపెట్టడం. కడగని చేత్తో వాడి కాలి బొటనవేలు తాకి, అలాగే కూర్చోవడం. ఊపిరి మీద దృష్టి పెట్టమని ఆ అమ్మాయీ చెప్పింది, కానీ కళ్ళు తెరిచే, పిల్లాడి ఎదురుగానే. సూది గుర్తొస్తే గుర్తొచ్చింది అనుకుని తర్వాతి ఊపిరి తీసుకోవాలి, వెనక్కి పోకూడదు. పాడైన ఊపిరి కూడా ఊపిరే. సూదమ్మకు ఇది అన్నిటికన్నా కష్టంగా ఉండేది. బతుకంతా తప్పిపోయిన ముక్కని వెతికిన మనిషిని, ముక్క తప్పిపోయినా కట్టని ముందుకు పంపమంటే ఎలా ఉంటుంది? కొన్నిరోజులు చెయ్యలేకపోయేది. మందు వల్ల నోరెండిపోయేది, ఆకలి చచ్చిపోయేది. రెండు అడుగులు ముందుకు, ఒక అడుగు వెనక్కి కూడా కాదు. కొన్ని వారాలు నిలబడినచోటే నిలబడింది.

ఫ్యాక్టరీలో ఒకరోజు ధ్యానం మాస్టారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పింది. అతని ముఖం వాడిపోయింది.

"నాకీ జబ్బు గురించి తెలీదమ్మా. నేను మిమ్మల్ని అందరిముందు మెచ్చుకున్నాను కూడా."

"నువ్వేం చేస్తావు నాయనా. నాకూ తెలీదుగా. కాకపోతే ఒకటి చెయ్యి. ఇంకెవరైనా మరీ బాగా చేస్తున్నట్టు కనిపిస్తే ఒకసారి పక్కకి పిలిచి అడుగు, లోపల ఏం చేస్తున్నావూ అని."

అతను తలూపాడు. ఆ తర్వాత క్లాసు మొదట్లోనే, మనసు ఇబ్బంది పెడుతుంటే ఆసుపత్రికి వెళ్ళండి, ఇది మందుకు బదులు కాదు అని చెప్పడం మొదలుపెట్టాడు. యాజమాన్యం మాత్రం సూదుల కిటికీ దగ్గరికి ఇంకో మనిషిని ఇవ్వలేదు. దానికోసం పనివాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, ఇచ్చేదాకా అడగాలి కూడా. ఒక మనిషి మనసుకు నయం చేసే పని ఆ మనిషి ఒక్కదాని నెత్తినే పడెయ్యడం న్యాయం కాదు.

కూతురి సెలవు అయిపోయిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళాలంటే ఆమె ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న స్టాపులోనే బస్సెక్కాలి. పిల్లాణ్ణి అక్కడే తల్లి చేతికి ఇచ్చి వెళ్ళాలి. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోవడానికి, చేతులు రుద్దుకోవడానికి మధ్యలో టైమంటూ లేదు. అలా పెట్టుకుందామన్నది సూదమ్మే. కౌన్సిలర్ అమ్మాయి కూడా "అంత తొందరెందుకు?" అని అడిగింది. "ఇంటికి వెళ్తే కుళాయి కనిపిస్తుందమ్మా," అంది సూదమ్మ.

ఆ పొద్దున షిఫ్టులో సూదులు కక్షగట్టినట్టు విరిగాయి. ఆమె చేతులు ఆఖరి నిమిషం దాకా ఇనుప ముక్కల్లోనే ఉన్నాయి. గంట కొట్టగానే బయటికొచ్చింది. రోడ్డు దాటేసరికి కూతురు యూనిఫాం వేసుకుని, చంకలో పిల్లాడు, భుజానికి సంచి, బస్సు వచ్చే వైపే మెడ చాచి చూస్తోంది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు గుంపుగా చుట్టూ చేరారు.

"మనవడేనా సూదమ్మక్కా? ముక్కు అచ్చం నీదే!"

"వాడి ముక్కు వాడిది, నాది నా దగ్గరే ఉంది," అంది సూదమ్మ. అంటూనే చేతులు కొంగుకు తుడుచుకోబోయి ఆగింది. కూతురి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఏం లేదు కదే నా చేతుల్లో?"

కూతురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెప్తే చాలు, తల్లి ముఖం తేటపడుతుంది. రేపు మళ్ళీ అడుగుతుంది.

"ఏమోనమ్మా," అంది. "బస్సొచ్చేస్తోంది."

సూదమ్మ చేతులు చాచింది. ఉందేమో అంది ఆలోచన. ఉండనీ అనుకుని ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి సగంలోనే సూది మళ్ళీ మెరిసింది. వెనక్కి పోలేదు. కూతురు చంకలోంచి పిల్లాడు వచ్చి ఆమె చేతుల్లో పడ్డాడు. వాడు అంత బరువుంటాడని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. పాలవాసన, చెమటవాసన కలిసిన ఆ చిన్న మెడ ఆమె గడ్డం కింద ఒదిగింది.

బస్సు కిటికీలోంచి కూతురు చూస్తూనే ఉంది. బస్సు మలుపు తిరిగింది.

పిల్లాడికి తల్లి కనిపించడం లేదని అప్పుడు అర్థమైంది. పెదవి విరిచాడు, గొంతెత్తాడు, కాళ్ళతో తన్నాడు. గుండీలు కుట్టే ఆవిడ "ఇటు తే అక్కా, నేను ఊరుకోబెడతా," అని చేతులు చాచింది.

"వద్దులేవే," అంది సూదమ్మ. వాణ్ణి భుజం మీదకు మార్చి వీపు తట్టడం మొదలుపెట్టింది. సూది ఇంకా గుర్తొస్తూనే ఉంది. "వీడికి నేను కొత్త. నాకూ వీడు కొత్తే. ఇద్దరం ఇలాగే ఏడుచుకుంటూ ఇంటికి పోతాం."

పిల్లాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. వాణ్ణి తడుతూ, వాడి చెవిలో ఏదో చెబుతూ, ఆమె వీధి నీడపట్టున నడక సాగించింది.